మామునూరు ఏరోడ్రమ్ చరిత్రను కొత్త రన్‌వే కింద పూడ్చేయకండి: ఒక బహిరంగ లేఖ

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అధికారులకు,
తెలంగాణ రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ వారికి,
వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను వరంగల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని. వరంగల్ పక్కనే ఉన్న మామునూరులో రాబోయే ఎయిర్‌పోర్టు గురించి మీకు ఇప్పటికే చాలా వినతిపత్రాలు వచ్చి ఉంటాయి. తొందరగా కట్టమని కొందరు, పరిహారం పెంచమని కొందరు, ఫలానా వారి పేరు పెట్టమని ఇంకొందరు రాసి ఉంటారు. నేను అడిగేది వేరు. మామునూరుకు విమానాలు మొదటిసారి రావడం లేదు. నిజాం కాలంలోనే అక్కడ ఏరోడ్రమ్, అంటే విమానాలు దిగే మైదానం, ఉంది. ఆ చరిత్రను దస్త్రాల్లోంచి బయటికి తీసి, కొత్త టెర్మినల్‌లో జనానికి చూపించండి. అదే రన్‌వే మీద మా జిల్లా పిల్లలు విమానం నడపడం నేర్చుకునే ఏర్పాటు చేయండి. ఈ రెండూ ప్లాన్ గీసే దశలోనే చేరాలి. కట్టడం పూర్తయ్యాక చేరిస్తే గోడకు తగిలించిన నాలుగు ఫోటోలు మాత్రమే మిగులుతాయి.

2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చినప్పుడు ఓరుగల్లులో స్వీట్లు పంచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు 150 కిలోమీటర్ల లోపు మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న పాత ఒప్పందం ఇన్నేళ్ళూ మా కాళ్ళకు అడ్డం పడింది. ఆ అడ్డు తొలగడానికి పనిచేసిన వారందరికీ ధన్యవాదాలు. అథారిటీ చేతిలో ఉన్న 696 ఎకరాలు చాలక, ఇంకో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఎకరాలు, కోట్లు, రన్‌వే పొడవు, ఏ సైజు విమానం దిగుతుంది అన్న లెక్కలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. అవన్నీ కావాల్సినవే. అయితే ఆ నేల మీద ఇంతకు ముందు ఏం జరిగింది, ఎవరు దిగారు, ఎవరు ఎగిరారు అన్న మాట మాత్రం ఎక్కడా వినిపించడం లేదు.

మా ఊళ్ళో ఎవరినడిగినా మామునూరు గురించి ఒక మాట గర్వంగా చెబుతారు. స్వాతంత్ర్యానికి ముందు దేశంలోకెల్లా పెద్ద ఏరోడ్రమ్ ఇదేననీ, 1,875 ఎకరాల్లో ఉండేదనీ అంటారు. చైనా యుద్ధమప్పుడు ఢిల్లీకి ముప్పు ఉందని ప్రభుత్వ విమానాలను ఇక్కడికి తెచ్చి దాచారని పెద్దవాళ్ళు చెబుతారు. ఈ మాటలు పేపర్లలో ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. వీటి వెనకున్న మ్యాపులు, కొలతలు, ఆదేశాలు జనం ముందు పెట్టాల్సింది మీరే. అతి పెద్దది అన్నది నిజమైతే ఆధారంతో సహా చెప్పుకుందాం. కాకపోయినా మామునూరు విలువ ఏమీ తగ్గదు. ఉన్న చరిత్రే చాలినంత గొప్పది. దానికి అతిశయోక్తి అక్కర్లేదు.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చింది. ఉత్తరాన సిర్పూరు వైపు కాగితం మిల్లు వచ్చింది. ఖాజీపేట అప్పటికే రైల్వే జంక్షన్. హైదరాబాద్ సంస్థానంలో పత్తి, బట్ట, కాగితం, బొగ్గు ఈ దారిలోనే నడిచేవి. హైదరాబాద్‌లోనే కాకుండా వరంగల్, బీదర్, ఔరంగాబాద్, ఆదిలాబాద్‌ల దగ్గర కూడా విమానాలు దిగే చోట్లు ఏర్పాటు చేయాలని నిజాం సర్కారు అనుకోవడానికి ఇదీ ఒక కారణం అయి ఉంటుంది. మామునూరు ఏరోడ్రమ్ ఒక రాజుగారి సరదా కోసం పుట్టింది కాదు. మిల్లులు, రైలు, విమానం ఒకే ఆలోచనలో భాగాలు. వరంగల్ చరిత్ర అంటే వేయిస్తంభాల గుడి, కోట, తోరణం దగ్గర ఆగిపోయే మన అలవాటు వల్ల ఈ ముక్క ఎవరి కంటికీ ఆనలేదు. కాకతీయుల మీద ఉన్న భక్తిలో పదో వంతు ఇరవయ్యో శతాబ్దపు వరంగల్ మీద చూపించి ఉంటే ఆజంజాహీ మిల్లు అలా మూతపడి కనుమరుగయ్యేది కాదని నాకు ఇప్పటికీ బాధ.

సంస్థానపు విమాన చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేనలో 110వ స్క్వాడ్రన్‌కు (విమాన దళానికి) డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ విమానాల మీద హైదరాబాద్ పేరు, నంబరు రాసి ఉండేవి. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కు, హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ పేరే. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. లండన్ మీద, ఇంగ్లాండు దక్షిణ తీరం మీద జరిగిన ఆకాశ యుద్ధాల్లో ఆ పేర్లు వినిపించాయి. ఆ డబ్బు ఎక్కడిది? వరంగల్, నల్లగొండ, కరీంనగర్ రైతులు కట్టిన శిస్తు కూడా అందులో ఉంది. మన పేరుతో విమానాలు ఎగిరాయి కానీ వాటిలో కూర్చుని నడిపింది మన పల్లెల పిల్లలు కాదు. ఈ ఒక్క విషయం నా మనసులోంచి పోదు. ఈ లేఖ రాయడానికి సగం కారణం అదే.

సంస్థానంలో విమానం నడపడం నేర్చుకునే అవకాశం అసలు లేకపోలేదు. బాబర్ మీర్జా 1930ల్లో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ నిలబెట్టారు. బేగంపేట విమానాశ్రయం ఆ క్లబ్ చుట్టూనే పెరిగింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటా విమానాలతో మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ వైపు నడిపారు. 1953లో మిగతా కంపెనీలతో పాటు దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ప్రేమ్ మాథుర్ గురించి మా క్లాసులో ఆడపిల్లలకు తప్పకుండా చెబుతాను. 1947లో లైసెన్సు తీసుకున్న ఆమెకు ఆడమనిషి అన్న కారణంతో కంపెనీలు ఉద్యోగం ఇవ్వలేదు. తలుపు తెరిచింది డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కు కొలువిచ్చిన కంపెనీ మన గడ్డ మీద పుట్టిందని వరంగల్‌లో ఎంతమందికి తెలుసు? హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వాయుసేనలో చేరి, బర్మా యుద్ధంలో పాల్గొని, 1978 నుంచి 1981 దాకా భారత వాయుసేనాధిపతిగా పనిచేశారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వైపు పిలుపులు వచ్చినా ఆయన ఇక్కడే ఉండిపోయారు.

అయితే ఇదంతా రాజధాని కథ. బేగంపేటకు క్లబ్ వచ్చింది, హకీంపేటకు వాయుసేన శిక్షణ వచ్చింది, దుండిగల్‌కు 1971లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వచ్చింది. బీదర్ ఏరోడ్రమ్‌ను వాయుసేన తీసుకుని పైలట్ల శిక్షణకు వాడింది. అందుకే అది బతికింది. 2020లో అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు కూడా మొదలయ్యాయి. మామునూరు మాత్రం 1980ల మొదట్లో మూతపడింది. బీదర్‌కూ మామునూరుకూ ఉన్న తేడా ఒక్కటే. అక్కడ రోజూ ఎవరో ఒకరు ఎగరడం నేర్చుకుంటూ ఉన్నారు. ఇక్కడ ఆ పని ఆగిపోయింది. ప్రయాణికులు ఒక ఏడాది వస్తారు, ఒక ఏడాది రారు. శిక్షణ ఉన్న చోట రన్‌వే ఖాళీగా ఉండదు.

ఆగిపోయింది అన్నాను కానీ పూర్తిగా ఆగలేదు. ప్రయాణికుల విమానాలు పోయాక కూడా ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ కేడెట్లు మామునూరులో గ్లైడింగ్ చేశారు, ఏరోమోడలింగ్ (చిన్న విమాన నమూనాలు చేసి ఎగరేయడం) నేర్చుకున్నారు, స్కీట్ షూటింగ్ (గాల్లోకి విసిరిన పలకలను తుపాకీతో కొట్టడం) ప్రాక్టీసు చేశారు. ఖమ్మం రోడ్డు మీద బస్సులో పోతూ అటు చూసేవాళ్ళకు ఖాళీ మైదానంలా కనబడిన చోటు, డిగ్రీ చదివే కుర్రాళ్ళకు గాల్లోకి లేచిన చోటు. నా దృష్టిలో మామునూరు చరిత్రలో నిజాం అధ్యాయం కంటే ఇదే విలువైనది. ఎందుకంటే ఇందులో ఉన్నది మా పిల్లలు.

గ్లైడర్ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. దానికి ఇంజన్ ఉండదు. నేల మీదున్న వించ్ పొడవాటి తీగతో దాన్ని వేగంగా లాగుతుంది. రెక్కల మీద గాలి పట్టగానే ముక్కు పైకెత్తి ఎక్కుతుంది. కావలసిన ఎత్తుకు చేరాక తీగ వదిలేస్తారు. అక్కడి నుంచి గాలి, రెక్క, నడిపేవాడి చెయ్యి తప్ప ఇంకేమీ ఉండవు. పొరపాటు చేస్తే ఇంకో రౌండు వేసి మళ్ళీ దిగుదామంటే ఇంజన్ లేదు. అందుకే గ్లైడర్‌లో నేర్చుకున్నవాడికి గాలి మీద గౌరవం ఉంటుంది. లిఫ్ట్ (పైకెత్తే బలం), డ్రాగ్ (వెనక్కి లాగే బలం), స్టాల్ (రెక్క పట్టు వదిలేయడం) అన్న మాటలు నేను బోర్డు మీద బాణాలు గీసి గంటసేపు చెబుతాను. పిల్లలు మార్కుల కోసం రాసుకుంటారు. ఒక్కసారి గ్లైడర్‌లో కూర్చుని వచ్చిన కేడెట్‌కు మాత్రం ఆ మాటలు మళ్ళీ చెప్పనక్కర్లేదు. ముక్కు ఎక్కువ ఎత్తితే రెక్క ఎందుకు పట్టు వదిలేస్తుందో వాడే పక్కవాడికి చెబుతాడు.

ఇక పైలట్ కావాలనుకునే మా జిల్లా పిల్లల సంగతి చెప్పాలి. ఏటా ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతారు, సార్, పైలట్ కావాలంటే ఏం చదవాలి అని. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్, పదహారేళ్ళు నిండితే స్టూడెంట్ లైసెన్స్, పద్దెనిమిది నిండితే కమర్షియల్ లైసెన్స్, మెడికల్ పరీక్ష, నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు, వీటన్నిటి మీద 200 గంటల ఫ్లయింగ్. ఇంతవరకు చెప్పేసరికి వాళ్ళ కళ్ళు మెరుస్తూ ఉంటాయి. ఖర్చు ఎంత అని అడుగుతారు. లక్షలు, అదీ పదుల్లో అని చెప్పగానే ఇంట్లో అడగకుండానే ఆ ఆలోచన మానేస్తారు. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు నుంచి వచ్చే పిల్లల తండ్రులు పత్తి, మిర్చి పండించేవాళ్ళు. ఆ ఖర్చులో శిక్షణ ఫీజు ఒక్కటే కాదు, వేరే రాష్ట్రంలోనో వేరే దేశంలోనో ఏడాదికి పైగా ఉండటానికయ్యే ఖర్చు కూడా ఉంటుంది. వాతావరణం బాగాలేకో, విమానం ఖాళీ లేకో గంటలు పూర్తి కాకపోతే ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఇంటి దగ్గర ఫ్లయింగ్ స్కూలు ఉంటే ఫీజు మొత్తం తగ్గకపోయినా ఈ రెండో భారం తగ్గుతుంది.

ఇది గాల్లో మేడ కాదు. మీ అథారిటీయే చేస్తున్న పని. 2021లో కలబురగి, బెళగావి, జల్గావ్, ఖజురాహో, లీలాబరి ఎయిర్‌పోర్టుల్లో ఫ్లయింగ్ స్కూళ్ళకు మీరే స్థలాలు కేటాయించారు. తర్వాతి విడతలో మన కడప, హుబ్బళ్ళి, సేలం, భావ్‌నగర్, కిషన్‌గఢ్ చేరాయి. స్కూళ్ళ మీద భారం పడకుండా, వాటి ఆదాయంలోంచి మీకు కట్టాల్సిన వాటా (రాయల్టీ) కూడా ఎత్తేశారు. ఆ పాలసీ నాకు చాలా నచ్చింది. కడపకు సరిపోయింది మామునూరుకు ఎందుకు సరిపోదు? హైదరాబాద్ చుట్టూ ఆకాశం ఇప్పటికే రద్దీగా ఉంది. శంషాబాద్ ప్రయాణికుల విమానాలు, దుండిగల్, హకీంపేటల్లో వాయుసేన శిక్షణ, బేగంపేటలో వీఐపీల రాకపోకలు. నేర్చుకునే పిల్లాడికి కావాల్సింది ఖాళీ ఆకాశం. అది మామునూరులో ఉంది. వానాకాలపు కొన్ని వారాలు పక్కన పెడితే ఎగరడానికి అనువైన వాతావరణమే మాది.

అందుకని మాస్టర్ ప్లాన్‌లోనే ఫ్లయింగ్ స్కూలుకు ఒక హ్యాంగర్ (విమానాల షెడ్డు), చిన్న విమానాలు ఆపుకునే చోటు, క్లాసు గదులకు స్థలం గుర్తించండి. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌కు కూడా గ్లైడింగ్ కోసమో మైక్రోలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) కోసమో వేళలు కేటాయించండి. ప్రయాణికుల విమానాలు మొదలయ్యాక భద్రత పేరుతో కేడెట్లను గేటు బయట నిలబెడతారేమో అన్నది నా అసలు భయం. రన్‌వే ఒకటే అయినప్పుడు వేళలు సర్దుకోవడం మీ కంట్రోలర్లకు కొత్త పనేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఒక మనవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు విదేశాల్లో చదువుకోవడానికి మీరు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. అదే పద్ధతిలో మామునూరులో పైలట్ శిక్షణకు కూడా ఏటా కొన్ని సీట్లకు పూర్తి ఖర్చు భరించండి. వాటిలో సగం ఆడపిల్లలకు ఇవ్వండి. ప్రేమ్ మాథుర్‌కు డెక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగం ఇచ్చి మూడు పాతికల ఏళ్ళు దాటింది.

భూమి ఇస్తున్నవాళ్ళ గురించి రాయకుండా ఈ లేఖ ముగించలేను. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులు తమ పొలాలు వదులుకుంటున్నారు. పరిహారం ఎంత ఉండాలన్నది వాళ్ళూ మీరూ మాట్లాడుకునే విషయం, అందులో వాళ్ళ మాటే ముందుండాలి. నేను అడిగేది ఒక్కటే. మొదటి బ్యాచ్‌లో ఆ మూడు ఊళ్ళ పిల్లలకు చోటు ఇవ్వండి. పైలట్లుగానే కాదు, విమానాల మెయింటెనెన్స్, ఫైర్ సర్వీస్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, ఎయిర్ ట్రాఫిక్ ఇలా ఎయిర్‌పోర్టులో ఎన్నో పనులుంటాయి. పొలం పోయిన ఇంటి కొడుకో కూతురో అక్కడ సెక్యూరిటీ గార్డుగానో స్వీపర్‌గానో మాత్రమే కనబడితే మనకు సిగ్గుచేటు.

ఇక చరిత్ర విషయం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, ఫార్సీ దస్త్రాలు పెద్ద ఎత్తున ఉన్నాయి. ఉర్దూ చదవగలిగిన పరిశోధకులను ఇద్దరు ముగ్గురిని పెట్టి సంస్థానపు ఏరోడ్రమ్‌లకు సంబంధించిన ఫైళ్ళు వెతికించండి. భూమి ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎంత ఇచ్చారు, ఏ ఊళ్ళ కూలీలు రాళ్ళు మోశారు, ఎవరు దిగారు, ఏ సరుకు వచ్చింది, అన్నీ రాయించండి. 1948లో సంస్థానం చివరి నెలల్లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రిపూట లాంకాస్ట్రియన్ విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేశాడు. ఆ రోజుల్లో సంస్థానంలోని ఒక్కో ఏరోడ్రమ్ ఏ పనికి వాడారన్నది కూడా ఇందులో రావాలి. చరిత్రలో మనకు నచ్చనిదీ ఉంటుంది. తెలంగాణ రైతులు నిజాం మీద, దొరల మీద పోరాడుతున్న కాలం అది. నిజాం కట్టించాడని పొగడటానికో, నిజాం అని దాచిపెట్టడానికో ఈ పని చేయొద్దు. జరిగింది జరిగినట్టు రాయండి.

కాగితాలు ఎక్కడికీ పోవు కానీ మనుషులు ఉండరు. మామునూరులో 1970ల్లో పనిచేసినవాళ్ళు, అక్కడ గ్లైడర్ ఎక్కిన తొలి కేడెట్లు, వాళ్ళకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్లు, ఏరోడ్రమ్ పక్కన పశువులు కాసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. చాలామందికి ఎనభై దగ్గర పడింది. కాకతీయ యూనివర్సిటీ చరిత్ర విభాగం విద్యార్థులకు ఈ పని అప్పగించండి. వీడియోలో వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే రికార్డు చేయించండి. దీనికి కోట్లు అక్కర్లేదు. టెర్మినల్ ముందు పెట్టే గార్డెన్ ఖర్చులో చిన్న భాగం చాలు.

పాత రన్‌వేను తవ్వే ముందు, పాత కట్టడాలు ఏవైనా మిగిలి ఉంటే వాటిని కూల్చే ముందు కొలతలతో సహా ఫోటోలు తీయించండి, డ్రోన్‌తో సర్వే చేయించండి. ఒకసారి బుల్‌డోజర్ నడిచాక ఎంత పశ్చాత్తాపపడినా ఆ నేల చెప్పగలిగింది తిరిగి రాదు. ఇది అన్నిటికంటే అర్జెంటు పని. పాత రన్‌వేలో ఒక చిన్న ముక్కనైనా కంచె వేసి, రోడ్డు వైపు నుంచి బడిపిల్లలు లోపలికి వచ్చి చూసేలా వదిలేయండి. టెర్మినల్ ముందు కాకతీయ తోరణం పెడితే సంతోషమే. లోపల ఒక గది మాత్రం మామునూరుకు ఇవ్వండి. అందులో ఎన్‌సీసీ గ్లైడర్ ఒకటి పైకప్పుకు వేలాడదీయండి. టికెట్ కొన్నవాళ్ళకే కాకుండా, సెక్యూరిటీ గేటుకు ఇవతలే ఆ గది ఉండాలి. విమానం ఎక్కలేని పిల్లలే దాన్ని ముందుగా చూడాలి.

ఖిలా వరంగల్ మండలంలో ఒక బహిరంగ సమావేశం పెట్టి, మాస్టర్ ప్లాన్‌ను తెలుగులో జనం ముందు ఉంచమని కలెక్టర్ గారిని కోరుతున్నాను. ఫ్లయింగ్ స్కూలుకు స్థలం ఉందా లేదా, ఎన్‌సీసీకి వేళలు ఉంటాయా లేదా, పాత కట్టడాల సర్వే ఎప్పుడు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు అథారిటీ ఆ సమావేశంలోనే రాతపూర్వకంగా జవాబివ్వాలి. సర్వేకు, రికార్డింగులకు మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వస్తాను. ఏ ఆదివారం రమ్మన్నా సరే.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక ఫిజిక్స్ లెక్చరర్